పసుపుపచ్చ మంట

మామయ్యగారికి నమస్కారం.

మీ ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసుకు చెప్పాపెట్టకుండా గ్యాస్ కట్టేశానని మీరు కోపంగా ఉన్నారట, మీ అమ్మాయి చెప్పింది. అందరి ముందూ చెప్పలేక ఇలా రాస్తున్నాను.

అత్తయ్యగారి తలనొప్పికి నా జోకులే కారణమని మీరన్నప్పుడు నేనూ నవ్వాను. కానీ పెరట్లోకి వెళ్ళగానే తగ్గే నొప్పి ఇంట్లోకి రాగానే మొదలవుతుంటే, నాలాంటి ఫర్నేసుల మెకానిక్కుకు నవ్వు ఆగిపోతుంది. మీరు నడకకు వెళ్ళాక కింది గదిలోకి దిగి చూశాను. నీలంగా నిలబడాల్సిన మంట పసుపుపచ్చగా ఊగుతోంది. గాలి చాలకపోతే గ్యాస్ సగమే మండి, రంగూ వాసనా లేని విషవాయువు పుడుతుంది. వెంటనే గ్యాస్ ఆపి, కిటికీలు తెరిచి, అత్తయ్యగారిని బయట కూర్చోబెట్టాను.

ఫర్నేసుకు గాలి వచ్చే జాలీలో మీ పాత దుప్పటి కుక్కి ఉంది. ఆవిడకు చలి తగలకూడదనే పెట్టి ఉంటారు. కానీ మంటకు ఊపిరి ఆ గాలే, మామయ్యగారూ.

"ఏం అడ్డుపడింది బాబూ?" అని అత్తయ్యగారు అడిగారు.

"పిట్టగూడు అత్తయ్యా" అన్నాను.

రేపు వచ్చి, విషవాయువు వస్తే మోగే అలారం బిగించి, మంట సరిచూసి వెలిగిస్తాను. అంతదాకా స్వెటర్ తీయకండి.

ఏం పిట్ట అని ఆవిడ మిమ్మల్నీ అడిగితే, పిచ్చుక అనండి. నేనూ అదే చెప్పాను.

మీ అల్లుడు