ఒకటో పెట్టె, రెండో పెట్టె

సోమవారం

చెప్పేది నేను. రాసేది కోడలు. వకీలు దగ్గర టైపు కొట్టే పిల్ల కాబట్టి చెప్పింది చెప్పినట్టు రాస్తుంది. అదే దాని మంచి గుణం, అదే దాని చెడ్డ గుణం. రేపు ఎవరైనా "ముసల్ది మాట తప్పింది" అంటే మొహాన కొట్టడానికి ఈ డైరీ.

సంగతేమిటంటే, మావాడు రెండు పెట్టెలు తెచ్చాడు. అరచేతిలో పట్టేంత. డాక్ అంటారట. ఫోన్లో పాట అంకెలుగా ఉంటుందట. ఈ పెట్టె ఆ అంకెల్ని మింగి, పాటగా చేసి స్పీకర్లకు అందిస్తుందట. నేను చదవలేని అంకెల్ని అది చదువుతుందన్నమాట. చదువుకోనీ.

రెండింట్లో ఒకటే ఉంచుకోవాలి. ఇంకోటి ఆదివారంలోగా కొట్టువాడికి తిరిగి ఇచ్చేయాలి. ఏది మంచిదో వాడికి తేలడం లేదు.

"పెట్టె మీద కంపెనీ పేరు కనబడితే మనసు అటే లాగుతుందమ్మా. నువ్వయితే చదవలేవు. నీ తీర్పే తీర్పు."

చదువు రానందుకు నాకు దక్కిన మొదటి ఉద్యోగం ఇది!

రెండింటి మీదా తువ్వాలు కప్పాడు. "నేనెలాగూ చదవలేనుగా, ముసుగెందుకురా?" అంటే, "నాకమ్మా" అన్నాడు.

తీర్మానం: ఉన్నదున్నట్టు చెబుతాను. రేపటికల్లా తేల్చేస్తాను. నావి పాముచెవులు.

మంగళవారం, రాత్రి

కోడలు తువ్వాలు కింద చెయ్యి పెట్టి మీట తిప్పి "ఒకటి" అంది. పాట. మళ్ళీ తిప్పి "రెండు" అంది. అదే పాట.

రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

చెప్పేద్దామని నోరు తెరిచాను. మావాడు కుర్చీ నా పక్కకి లాక్కుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, "ఏమంటావమ్మా?" అన్నాడు.

"ఇంకోసారి పెట్టు" అన్నాను.

కోడలు రాయడం ఆపి నా వంక చూస్తోంది. రాయవే.

బుధవారం

తేలలేదు. కారణాలు:
ఒకటి, కుక్కరు కూత.
రెండు, పైవాటావాళ్ళు బల్ల ఈడ్చారు.
మూడు, కుడి చెవిలో గుబిలి.

పాటకీ పాటకీ మధ్య మావాడు కబుర్లు చెప్పాడు. వాడు కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పని చేస్తాడు. రోజంతా అరగదీసే మిషను గీమంటూనే ఉంటుంది. ఇంటికొచ్చి చెవులకి ఆ హెడ్‌ఫోన్ దొప్పలు తగిలించాడంటే పడుకునేదాకా తియ్యడు. పిలిస్తే పలకడు. అలాంటివాడు ఇవాళ, ఒక పెద్దాయన కొత్త పళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకుని, "ఈ నవ్వు నాది కాదు, మా బావమరిదిది" అని గొడవ పెట్టుకున్న వైనం చెప్పాడు. నవ్వలేక చచ్చాను.

"ఇంతకీ ఏది బాగుందమ్మా?"

"పెళ్ళి సంబంధానికైనా ఇంత తొందర లేదురా."

గురువారం

రెండూ ఒకటే అన్నానంటే వాడు ఏదో ఒకటి ఉంచేసుకుని దొప్పలు తగిలించుకుంటాడు. అందుకని తేడా గట్టిగానే చెప్పాను. ఒకటోది రేకుడబ్బాలో గులకరాళ్ళు. రెండోది మీగడ.

"అదే! నాకూ అలాగే వినబడింది!" మావాడు కుర్చీలోంచి లేచాడు.

"కానీ ఒకటోదాంట్లో గొంతుకి జీవముందిరా" అన్నాను. మళ్ళీ కూర్చున్నాడు.

కోడలు మీట పక్కన కూర్చుని బఠాణీలు ఒలుచుకుంది. "ఒకటి", "రెండు" తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు.

శుక్రవారం

ఘోరం!

ఇవాళ మొదలుపెట్టబోతుంటే కోడలు అంది: "నిన్న నా చేతినిండా బఠాణీలు. మీట అసలు తిప్పనే లేదు. మోగిందంతా ఒకటే పెట్టె."

"నిన్ననే చెప్పొచ్చుగా?" అన్నాడు మావాడు.

"మీరిద్దరూ అంత సంబరంగా ఉంటేనూ..."

నేను అబద్ధమాడాను, సరే. మరి వాడికి మీగడ ఎక్కడ వినబడిందట? నా ఒక్కదాని వంకే చూస్తారేం?

వాడు తువ్వాలు తీసి మడతపెట్టాడు. పెట్టెలు రెండూ అట్టడబ్బాల్లో సర్దాడు. దొప్పలు తగిలించుకున్నాడు.

శనివారం

"టీ చల్లారిపోతోందిరా!" అన్నాను. వినబడలేదు. గట్టిగా అన్నాను. పక్కింటావిడకి వినబడింది. "మేం తాగేశామండీ" అంది.

కోడల్ని నిలదీశాను. "బఠాణీలకి నీకు అదే వేళ దొరికిందా?"

"అత్తయ్యా, మీకు తేడా తెలియలేదని మంగళవారమే కనిపెట్టాను. ఆయన మీ పక్కన కూర్చుని మాట్లాడుతున్నారని ఊరుకున్నాను."

"ఆ ఊరుకునేదేదో నిన్న కూడా ఊరుకోకపోయావా?"

"ఇంకో పూట మీగడా గులకరాళ్ళూ వినడం నావల్ల కాలేదు."



ఆదివారం

పొద్దున్నే వాడి చెవి మీది దొప్ప పక్కకి లాగి చెప్పాను. "తేడా లేదురా. మంగళవారం నుంచీ లేదు. ఏదో ఒకటి ఉంచుకుని రెండోది ఇచ్చేసి రా. కానీ ఆ పళ్ళాయన సంగతేమైందో చెప్పి మరీ పెట్టుకో."

వాడు దొప్పలు మెడలోకి దించాడు. ఆయన ఆ పళ్ళతోనే బావమరిది ఇంటికి భోజనానికి వెళ్ళాడట. బావమరిది చూసి, "నా నవ్వు నాకిచ్చి తిను" అన్నాడట.

మధ్యాహ్నం కొట్టుకి వెళ్ళి ఒక పెట్టె ఇచ్చేసి వచ్చాడు. చేతిలో రెండు రకాల తీగలు.

"తేడా అసలు పెట్టెలో ఉండదటమ్మా. పెట్టెకీ స్పీకర్లకీ మధ్య తీగలో ఉంటుందట."

నమ్మి అన్నాడో, నవ్వులాటకి అన్నాడో నాకు తెలియలేదు. కుర్చీ మాత్రం నా పక్కకి లాగి పెట్టాడు.

తీర్మానం: ఉన్నదున్నట్టు చెబుతాను. రేపటికల్లా తేల్చేస్తాను. గుబిలి కూడా తీయించుకున్నాను.

"తీగలు ఎవరు మార్చాలి అత్తయ్యా?"

"నువ్వే. మార్చావో లేదో మాత్రం మాకు చెప్పకు."

ఇది రాయకు.