నడిసముద్రంలో కిటికీ లేని గది

బూర్గంపాడులో ఉన్న అన్నకు, వదినకు,

మీ చెల్లె సరిత దండాలు పెట్టి రాస్తున్నది. వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందని, చిన్నోడు బడి ఎగ్గొట్టకుండా పోతున్నాడని, అందరూ మంచిగున్నారని అనుకుంటున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నాయిన ఇప్పుడే ఇంత గంజి తాగి పడుకున్నాడు. నువ్వు గాబరా పడకు. ఉన్నది ఒక్కటే గది, ఫోన్‌లో ఏం మాట్లాడినా నాయిన చెవిన పడుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఓడ దిగిన రోజు నుంచి నువ్వు ఎప్పుడు ఫోన్ చేసినా ‘అంతా మంచిగ జరిగింది’ అని అబద్ధం చెప్తూ వచ్చాను. ఇక నా వల్ల కాదు.

నా సంగతి నీకు తెలిసిందే. హోటల్ లాండ్రీలో పొద్దుటి నుంచి దుప్పట్లు, తలగడ గలీబులు, ఆవిరి. బయటికొస్తే ముంబై ఉక్కపోత. పప్పులో కూడా బెల్లం వేస్తారు ఇక్కడ, రెండేళ్ళయినా నా నోటికి అలవాటు కాలేదు. నాయిన వచ్చిన రోజు పచ్చిపులుసు చేస్తే ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం. ఆ రోజు చాలా సంతోషపడ్డాను. ఇంట్లో తెలుగు మాట వినపడి ఎన్ని నెలలైందో.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. పోయిన నెల నువ్వు నాయినను రైలెక్కించి పంపాక పెద్ద దవాఖానాలో చూపించాను కదా. గోళీలు రాసిచ్చారని మాత్రమే నీకు చెప్పాను. డాక్టర్ అన్నది అది కాదు. బొగ్గు దుమ్ము పట్టి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయట. ఇక బాగుచేసేదేమీ లేదు, ఉన్నన్ని రోజులు ఆయనకు నచ్చినట్టు ఉంచండి అన్నాడు. ఆ మాట నీకు చెప్పే ధైర్యం లేక దాచాను.

అందుకే నాయినను అడిగాను, నీకేం కావాలని. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి, సముద్రం చూడాలన్నాడు. బీచికి తీసుకుపోతా అంటే నవ్వాడు. “ఒడ్డున నిలబడి చూసుడు కాదు బిడ్డా. నడుమల ఉండాలె. ఏ దిక్కు చూసినా గట్టు కనబడొద్దు,” అన్నాడు. ముప్పై ఏళ్ళు గనిలో ఎటు చూసినా బొగ్గు గోడే కనబడిన మనిషి అలా అడిగితే నేనెలా కాదంటాను.

మా లాండ్రీలో పనిచేసే సునంద గోవా దాకా పోయొచ్చే ఓడ గురించి చెప్పింది. రెండు రాత్రులు, మూడు పగళ్ళు. ట్రావెల్స్ ఆఫీసుకు పోతే, నా దగ్గరున్న పైసలకు రెండు దారులు చూపించారు. ఒకటి పాత ఓడ, చిన్నది, రంగు వెలిసింది. కానీ అందులో పై అంతస్తులో కిటికీ ఉన్న గది వస్తుంది, మంచం మీద పడుకుంటే నీళ్ళు కనబడతాయి. రెండోది కొత్త ఓడ, ఊరంత ఉంది. లిఫ్టులు, డాక్టరు, పది రకాల తిండి. అందులో మా పైసలకు వచ్చేది అన్నిటికంటే కింద, లోపలి వైపు, కిటికీ లేని గది.

ఆ రోజు నీకు ఫోన్ చేశాను, గుర్తుందా. నువ్వు ఒక్క మాటే అన్నావు. “కిటికీ ఉన్నదే తీస్కో. నాయినకు గది మంచిగుండాలె, ఓడ ఎట్లుంటే ఏంది?”

“గది పండుకునేటందుకేనాయె అన్నా. పొద్దంతా పైననే ఉంటం. ఓడ మంచిది కావాలె, డాక్టర్ ఉండాలె,” అన్నాను నేను.

డాక్టర్ ఉండాలనుకున్నది నిజమే. కానీ అదొక్కటే కాదు. ఆ పాత ఓడ ముందు నిలబెట్టి నాయిన ఫోటో తీసి మన చుట్టాల గ్రూపులో పెట్టడానికి నాకు నామోషీ అనిపించింది. పెద్ద ఓడ ముందు నిలబడితే, దుప్పట్లు ఉతికే సరిత నాయినను ఎక్కడికి తీసుకుపోయిందో చూడండి అని అందరూ అనుకోవాలి. దానికోసం ఆయనను కిందికి దింపాను.

ఎక్కేటప్పుడు ఇద్దరికీ చెరో కార్డు ఇచ్చారు, గది తలుపు దానితోనే తెరుచుకుంటుంది. నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “పైకొచ్చినంక ఇది ఎవరికి అప్పజెప్పాలె?” అని అడిగాడు. చిన్నప్పుడు మనకు చెప్పేవాడు కదా, గనిలోకి దిగేటప్పుడు బిళ్ళ తీసుకోవాలి, పైకొచ్చాక తిరిగి ఇయ్యాలి, ఎవడి బిళ్ళ రాకపోతే వాడు ఇంకా కిందనే ఉన్నట్టు అని. నేను నవ్వి, “ఇది అది కాదు నాయినా” అన్నాను.

లిఫ్టు కిందికి పోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. తలుపు తెరిస్తే రెండు మంచాలు, నాలుగు గోడలు. లైటు ఆపితే ఏమీ కనబడదు. నాయిన గడప దగ్గరే కాసేపు నిలబడి, “మంచిగున్నది బిడ్డా,” అన్నాడు. నేను నమ్మాను. రోజూ నిలబడి పనిచేసే ఒళ్ళు, పడుకోగానే నిద్ర పట్టేసింది.

తెల్లారి లేచేసరికి ఆయన మంచం మీద లేడు. గది బయట నడవాలో, మెట్ల దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళకు బూట్లు అలాగే ఉన్నాయి. పెదవులు నీలంగా ఉన్నాయి, ఒక్కో శ్వాసకు భుజాలు లేస్తున్నాయి. ఓడ డాక్టర్ వచ్చి ఆక్సిజన్ పెట్టాడు. పైన గాలిలో కూర్చోబెట్టండి, కింద ఉంచకండి అన్నాడు. గది మార్చమని ఎంతమంది కాళ్ళా వేళ్ళా పడ్డానో. ఓడ నిండిపోయిందన్నారు.

పైకి తీసుకొచ్చి కుర్చీ వేయించాను. అన్నా, చుట్టూ సముద్రమే, ఆయన కోరినట్టే. నాయిన ఏం చేశాడో తెలుసా. కుర్చీని వెనక్కి తిప్పమన్నాడు. సముద్రం వైపు వీపు పెట్టి, లిఫ్టు తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. లిఫ్టు తెరుచుకున్నప్పుడల్లా ఎవరొచ్చారో చూసి, లెక్కపెడుతూ వేళ్ళు మడుస్తున్నాడు.

“నాయినా, అటు చూడు, నీళ్ళు,” అన్నాను.

“కింద ఇంకా మనుషులున్నరు కదా బిడ్డా.”

“వాళ్ళు నీ మనుషులు కారు నాయినా.”

“ఎవరి మనుషులో ఒకరి మనుషులే కదా.”

ఆక్సిజన్ తగ్గితే బుర్ర అలా తికమకపడుతుందని తర్వాత డాక్టర్ చెప్పాడు. నాకు ఆ తికమక అర్థమైంది. గనిలో సర్దారు పని చేసినన్నాళ్ళూ తన కింది మనుషులందరినీ పైకి పంపి ఆఖరున ఎక్కేవాడు కదా. మధ్యాహ్నం కొంచెం తెప్పరిల్లి తనే చెప్పాడు. ఒక్కసారి మాత్రం గని కప్పు కూలినప్పుడు తను ముందు పైకొచ్చాడట. మల్లయ్య అనే మనిషి బిళ్ళ ఆ రోజు తిరిగి రాలేదట. అప్పటి నుంచి మూసిన గదిలో పడుకోలేదట. చలైనా వానైనా నాయిన మంచం వసారాలోనే ఎందుకుండేదో నాకిప్పుడు తెలిసింది. నీకు ముందే తెలుసా అన్నా. తెలిసే కిటికీ ఉన్న గది తీసుకొమ్మన్నావా. ఎందుకని నేను ఒక్కసారి కూడా అడగలేదు, నువ్వూ చెప్పలేదు. తప్పు నీది అనడం లేదు. తప్పు నాదే.

రెండు రోజులూ అలాగే కూర్చున్నాడు. ఆ గాలికి దగ్గు ఎక్కువైంది. గోవా వచ్చింది, పోయింది, మేం దిగలేదు. ముంబైలో దిగేటప్పుడు కూడా నన్ను ముందు పంపి, వెనక ముసలోళ్ళను పంపి, చివరికి సిబ్బంది చెయ్యి పట్టుకుని దింపితే దిగాడు.

ఇక్కడ మా గదికి కిటికీ ఉంది కానీ అది పక్కింటి గోడ మీదికి తెరుచుకుంటుంది. తలుపు బార్లా తీసి పెడుతున్నాను. అది సరిపోదని నాకు తెలుసు. అన్నా, నువ్వు వచ్చి నాయినను తీసుకుపో. రైల్లో వద్దు, ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకుని బండిలో పోవచ్చని డాక్టర్ అన్నాడు. బీరువాలో ఉన్న పాత ఎక్స్‌రేలు తీసుకురా. వదినకు వీలైతే కొంచెం చింతకాయ తొక్కు పంపమను, ఆయనకు అన్నం పోతుందేమో. వసారాలో మంచం వేసి పెట్టండి. దుమ్ముగూడెం అత్తకు కబురు చెయ్యి, నాయినను చూసుకోవాలని ఉంటే ఆలస్యం చెయ్యొద్దని చెప్పు. ఇంతకంటే రాయడం నాకు రావడం లేదు.

అత్తకు, మామకు నా దండాలు. చిన్నోడికి ముద్దులు. మీ ఇద్దరి దీవెన అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

ఇంకొక్కటి రాయాలి. ఈ రోజు పొద్దున నాయినకు తెలివి బాగానే ఉంది. చాయ్ తాగుతూ నన్ను అడిగాడు. “నడుమల ఎట్లుంటది బిడ్డా? నిజంగనే ఏ దిక్కున గట్టు కనబడదా?”

అన్నా, గట్టు కనబడుతుందో లేదో నేను చూడనేలేదు. ఆ రెండు రోజులూ ఆయన ఎదురుగా కూర్చుని ఆయన ఛాతీ లేస్తుందా లేదా అనే చూశాను.

“కనబడదు నాయినా,” అన్నాను.

“నువ్వన్న చూసినవ్. గంతే చాలు,” అన్నాడు.

మీ చెల్లె,
సరిత