తోకకు బిళ్ళల్లేని పిట్ట

రొసౌరా అక్కా,

మా ఆయన ఎఫ్రయిన్ పోయాక, తొమ్మిది రోజుల ప్రార్థనలు ముగిసిన మర్నాటి నుంచి మా వంటింటి కిటికీకి ఒక హమ్మింగ్‌బర్డ్ వస్తోంది. పోయినవాళ్ళు అలా పిట్టలై వస్తారు కదా. రోజూ పంచదార నీళ్ళు పోసి, ఆయనతో మాట్లాడినట్టే మాట్లాడుతున్నాను.

నిన్న పిట్టల్ని చూడడానికి క్విటో నగరం నుంచి వచ్చిన మాస్టారొకాయన దాన్ని చూసి మురిసిపోయాడు. "కాళ్ళకు దూది మేజోళ్ళు తొడిగినట్టుంది తల్లీ! కానీ మగదానికి తోక చివర రెండు బిళ్ళలుంటాయి. ఇది ఆడది."

"ఏ కొట్లాటలోనో ఊడిపోయుంటాయి. మా ఆయనకది అలవాటే," అన్నాను.

ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఏమీ పాలుపోవడం లేదు. ఈ ఇంట్లో పోయిన ఆడమనిషి మా అత్తగారొక్కతే. అంటే ఇన్నాళ్ళూ ఆవిడ మీద చాడీలన్నీ ఆవిడకే చెప్పానా? మరి ఎఫ్రయిన్ ఏడక్కా?

ఈ పొద్దున కూడా వచ్చింది. ఎవరని అడిగే ధైర్యం చాలక, ఇంకో చెంచా పంచదార వేశాను.

నీ చెల్లెలు