వెళ్లిరా అన్నందుకు

హామిల్టన్, కెనడా, గురువారం రాత్రి

బేస్‌మెంట్‌లో అద్దెకున్న స్టూడెంట్ సురేష్ మూడు నెలలుగా పైసా ఇవ్వలేదు. ఈరోజు ఖాళీ చేయమన్నాను.

"అద్దె తగాదాల బోర్డులో కేసెయ్యండి అంకుల్. హియరింగ్ వచ్చేసరికి నా కోర్సే అయిపోతది" అన్నాడు. నా వైఫై మీద చదువుకున్న చట్టాన్ని నాకే అప్పజెప్పాడు.

కాసేపటికి బ్యాగు తగిలించుకుని, "డ్యూటీకి పోయొస్తా అంకుల్" అన్నాడు.

"మంచిది, వెళ్లిరా" అనేశాను.

వాడు నవ్వాడు. "విన్నరా ఆంటీ? అంకులే రమ్మంటున్నరు."

మా ఆవిడ కూడా నవ్వింది. అదీ మరిచిపోను.

ఇన్ని నీతిశాస్త్రాలు చదివాను. గడప దాటేవాణ్ణి "పో" అనడం మాత్రం ఏ పుస్తకమూ నేర్పలేదు. ఈసారి వాడు తలుపు కొడితే తీయకూడదనుకున్నాను. కానీ వాడెందుకు కొడతాడు? తాళంచెవి వాడి దగ్గరే ఉంది.