ఉత్త కాంటా

ఎల్లారెడ్డి
బుధవారం రాత్రి, 1989

నేను పనిచేసే కొండమీది అబ్జర్వేటరీ నుంచి ఉత్తరం వచ్చింది. సెలవు మొదలైనప్పటి నుంచి దానికోసమే ఎదురుచూస్తున్నాను.

పోయిన నెల నా డ్యూటీలో, అంతరిక్షం నుంచి వచ్చి పడే కాస్మిక్ కిరణాల లెక్క ఉన్నట్టుండి పడిపోయింది. గాలి పీడనం పెరిగినా లెక్క తగ్గుతుంది కనుక ముందు బారోమీటర్ చూశాను. పీడనం పెరగలేదు. వచ్చిన అంకెలే రాసి సంతకం పెట్టాను. మిషన్ చెడిందని పెద్దసారు ఆ పేజీని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశారు. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతోనే ఊరికి వచ్చాను.

కామారెడ్డి బెల్లం మార్కెట్‌లో తూకం వేసే మా అన్నకు మొన్న ఇదంతా చెప్పాను.

"తూకానికి ముందు ఉత్త కాంటా చూసుకున్నవారా?" అన్నాడు. సరుకు పెట్టకముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకోవడం ఆయన అలవాటు.

"చూసిన అన్నా. బారోమీటర్ చూసిన, మిషన్ గూడ చూసిన."

"మరి గట్ల మొకం ఏలాడేసుకొని తిరుగుడేంది?"

ఇప్పుడు వచ్చిన ఉత్తరంలో సంగతి తెలిసింది. సూర్యుని మీద చెలరేగిన తుఫాను ఆ కిరణాలను అడ్డుకుందట. వేరే దేశాల కొండల మీద కూడా అదే గంటలో లెక్క పడిపోయిందట. నా అంకెలే సరైనవని పెద్దసారే స్వయంగా రాశారు.

ఈరోజు మార్కెట్‌కు పోయి అన్నకు ఉత్తరం చదివి వినిపించాను. ఆయన బెల్లం బుట్ట దించి, ఉత్త కాంటా ఒకసారి చూసుకొని, "నా తమ్మునివే గదరా" అన్నాడు.

పెద్దసారును ఆ ఎర్ర గీత చెరపమని అడగను. దాని కింద నా అంకెలు కనబడుతూనే ఉంటాయి.