ఒక కాలికి రెండు మందులు

మార్చి 4, మంగళవారం

ఈయన ఈరోజు గేటు దగ్గర్నుంచి మూల మీది కాఫీ కొట్టు దాకా నడిచాడు. ఒక్కసారి కూడా ఆగలేదు! ఎడమ కాలి రక్తనాళంలో స్టెంట్ పెట్టి పది రోజులే అయింది. పోయిన ఏడాదంతా యాభై అడుగులకోసారి పిక్క పట్టేసి నిలబడిపోయేవాడు. నొప్పి అని చెప్పడానికి నామోషీ. ఆగి ఉన్న ఏ లారీ దగ్గరికో వెళ్లి టైర్లు పరీక్షిస్తున్నట్టు నటన. ముప్పై ఏళ్లు మలేసియా రేవు పోర్ట్ క్లాంగ్‌లో కంటైనర్ లారీ తోలిన మనిషి కదా, ఎవరూ అనుమానించలేదు. కట్టుకున్నదాన్ని, నేనూ అనుమానించలేదు.

చిటికెనవేలి పుండు మాత్రం మానడం లేదు. షుగర్ ఒళ్లు. "అదే తగ్గిపోద్ది లా, లచ్చిమీ" అంటాడు, ఈ దేశపు "లా" తోక తగిలించి. ఆయనకన్నీ అవే తగ్గిపోతాయి.

సిగరెట్లు మానేశాడు. స్టెంట్ పెట్టిన డాక్టరమ్మ ఒక్క మాట అన్నదట. నా ముప్పై ఏళ్ల పోరు గంగలో కలిసింది.

మార్చి 6, గురువారం

క్లాంగ్ పాత బజారుకు తీసుకెళ్లాను, సిన్సే ఆంటీ దగ్గరికి. చీనా వైద్యురాలు, డెబ్బై దాటిన మనిషి. మా అమ్మ మోకాళ్లకు సూదులు గుచ్చిందీ ఈవిడే.

ఈయన నాలుక చూసింది. రెండు మణికట్లూ పట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత ఆస్పత్రి మాత్రలన్నీ బల్ల మీద పెట్టించి, భూతద్దంతో ఒక్కొక్క పేరూ చదివింది. అప్పటికే కషాయానికి తూచి కాగితంలో పోసిన వేర్లలోంచి ఒక రకం ఏరి పక్కన పెట్టేసింది. ఆస్పత్రి మాత్రా రక్తాన్ని పలచన చేసేదే, ఈ వేరూ అదే పని చేసేదే... రెండూ కలిస్తే మించిపోతుందట. పుండున్న పాదానికి సూది గుచ్చనంది.

మలాయిలో చెప్పింది — "రక్తం గొట్టాన్ని డాక్టర్ తెరిచింది. ఒంటి సంగతి నేను చూస్తాను. ఆస్పత్రి మందు మాత్రం ఆపకూడదు. ఒక్క పూట కూడా."

వేలు ఊపి మరీ చెప్పింది. తల ఊపాను. ఆస్పత్రిలోనూ ఇదే మాట, అక్కడా తల ఊపాను.

మార్చి 7, శుక్రవారం

పొద్దుటి నుంచి ఆలోచన. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. మేం పెరిగిన తోటల ఎస్టేట్‌లో, ఆస్పత్రి డ్రెస్సర్ ఇచ్చిన ఎర్ర మందు తాగినప్పుడు అమ్మ వేరు మందు ఇచ్చేది కాదు. "ఒక కడుపులో రెండు మందులెయ్యకే, ఒకదాన్నొకటి తినేస్తాయి" అనేది. ఆరుగురిని పెంచింది, ఒక్కరినీ పోగొట్టుకోలేదు. ఆ ఎస్టేట్ కూలీల లైనులో ఆ మాట ఇంకెవరనగలరు?

సిన్సే ఆంటీ మంచిదే, డాక్టరమ్మా మంచిదే. కానీ ఎవరి మందు వాళ్లకు ముద్దు. కడుపు సంగతి ఆలోచించాల్సింది వండి పెట్టేదే కదా.

ఏడు గళ్ల మాత్రల డబ్బా సర్దాను. సోమ, బుధ, శుక్ర — ఆస్పత్రి మాత్రలు. మంగళ, గురు, శని — కషాయం. ఆ మూడు గళ్లలో షుగర్ మాత్ర ఒక్కటే, అది తిండి లెక్క. ఆదివారం కూడా అంతే, కడుపుకు సెలవు.

ఈయనకు చెప్పలేదు. చెప్పేదేముంది, అన్నం పెట్టినట్టే ఇవీ నేనే పెడతాను.

మార్చి 11, మంగళవారం

కషాయం. "ఏటే ఇది, డ్రైన్లో నీళ్లు తెచ్చినావా?" ముక్కు మూసుకుని తాగాడు. ఎండుచేప అడిగాడు. పథ్యం అన్నాను. అలిగి వరండాలో కూర్చున్నాడు.

మార్చి 16, ఆదివారం

కూతురు దేవి వచ్చింది. సైబర్‌జయలో ఉద్యోగం కదా, ఆదివారాలు కూడా మీటింగులేనట, అయినా వచ్చింది. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో చెబుతుంది, మధ్యలో తమిళం. మాకు అర్థమైపోతుంది.

వాళ్ల నాన్న పుండు ఫోనులో ఫొటో తీసింది. అంచులు గులాబీ రంగుకు తిరిగాయి! సిన్సే కషాయం పనే అనుకుంది దేవి. స్టెంట్ అనుకున్నాడాయన. నా డబ్బా సర్దుడే అనుకున్నాను నేను. నా తెలివికి నేనే మురిసిపోయాను, ఛీ... ఛీ అని ఎందుకు రాశానో, గర్వం తప్పు అని అమ్మ అనేది అందుకే.

మార్చి 20, గురువారం

ఈయన పొద్దున మంచం దిగలేదు. బద్ధకం అన్నాడు. కషాయం తాగి మళ్లీ పడుకున్నాడు. సాయంత్రం కాఫీ కొట్టుకు వెళ్దామంటే నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగాడు. దుప్పటి తీసి చూడబోతే కసిరాడు.

మార్చి 21, శుక్రవారం

ఆస్పత్రి. పాదం మంచులా ఉంది, వేళ్లు నీలం. రాత్రంతా నొప్పితో పళ్లు బిగబట్టి పడుకున్నాడట, పక్కనే ఉన్నాను, నాకు తెలియలేదు.

స్టెంట్ మూసుకుపోయింది. లోపల రక్తం గడ్డకట్టింది. స్టెంట్ పెట్టిన డాక్టర్ నూర్ రంజాన్ ఉపవాసంలో ఉంది పాపం, గొంతు ఎండిపోయి ఉంది, అయినా ప్రతి ప్రశ్నా రెండుసార్లు అడిగింది. మాత్రలు రోజూ వేసుకున్నారా? "రోజూ, డాక్టర్. ఒక్కరోజూ మానలేదు" అని ఈయన గట్టిగా చెప్పాడు. నా వైపు చూపించాడు, సాక్ష్యానికి.

నేను నోరు తెరవలేదు.

దేవి కషాయం సంగతి చెప్పింది. డాక్టర్ రాసుకుంది. ఏయే వేర్లు అని అడిగింది. దాని వల్లనే అని ఇప్పుడే చెప్పలేను అంది. ఆ ముక్క మా వాళ్లెవరి చెవికీ ఎక్కలేదు. ఈయన్ని వెంటనే ఆపరేషన్‌కి లోపలికి తీసుకుపోయారు.

మార్చి 22, శనివారం

దారి మళ్లీ తెరిచారు. పాదం దక్కినట్టే. రెండు వేళ్లు దక్కవు.

మార్చి 23, ఆదివారం

దేవి వార్డు వరండాలో నిలబడి సిన్సే ఆంటీకి ఫోన్ చేసి అరిచింది. మా నాన్న కాలు... నీ వేర్లు... కంప్లైంట్ ఇస్తాను... అవతల ఆంటీ స్పీకర్‌లో ఒక్కటే అడిగింది — "పాదం వెచ్చగా ఉందా ఇప్పుడు?"

నేను అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. ఆంటీ తప్పు లేదు అని మూడు మాటలు. నాలుక పైకి లేవలేదు. ఇన్నేళ్లూ ఊరందరి ముందూ నోరున్నదాన్ని, ఇలాంటప్పుడు పనికిరాని నోరెందుకు నాకు?

మార్చి 24, సోమవారం

డాక్టర్ గది బయట గంటసేపు నిలబడి లోపలికి వెళ్లాను. డబ్బా బల్ల మీద పెట్టి మూతలు తీసి చూపించాను. మంగళ, గురు, శని, ఆది. అమ్మ మాట కూడా చెప్పాను. మలాయిలో సరిగ్గా రాలేదు, ఏడుపుతో అసలు రాలేదు.

తిడుతుందనుకున్నాను. ఖాళీ గళ్లు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టింది. "ఆంటీ, మీరు చెప్పకపోతే నేను తప్పు చోట వెతికేదాన్ని" అంది. కాగితం మీద బొమ్మ వేసింది — నాళం, లోపల స్టెంట్ జాలీ. ఆ జాలీ ఒంటికి కొత్త. దాని మీద రక్తం గడ్డ కట్టకుండా మాత్ర రోజూ కాపలా కాయాలి. నేను వారానికి నాలుగు రోజులు కాపలా వాడిని ఇంటికి పంపేశాను.

మరి సిన్సే మందు? ఏం మేలు చేస్తుందో నాకు పూర్తిగా తెలియదు, తెలియనిదాన్ని తిట్టను అంది. ప్రస్తుతానికి కషాయం వద్దు. వేర్ల పట్టిక తెప్పించండి, మా సంప్రదాయ వైద్యం విభాగంలోనూ మందుల విభాగంలోనూ చూపిద్దాం. తర్వాత మాట్లాడదాం. కానీ ఏదీ నాకు తెలియకుండా వద్దు.

దేవికి మెట్ల దగ్గర చెప్పాను. అది నన్ను పట్టుకోలేదు, తోసేయనూ లేదు. "అమ్మా... వై లా?" అంది. అంతే.

మార్చి 25, మంగళవారం

రెండు వేళ్లు తీసేశారు. చిటికెనవేలు, దాని పక్కది.

మార్చి 27, గురువారం

ఇంక ఆగలేకపోయాను. ఈయన పక్క మంచం ముసలాయనకు చెబుతున్నాడు — "సీనామందు తాగినాను అన్నా, కాలు పోగొట్టుకున్నాను. ఆ ముసల్దాన్ని నమ్మకండి." నిన్నా ఇదే కథ నర్సుకు చెప్పాడు. ఊరంతా పాకుతుంది. ఆవిడ కొట్టు ఏమవుతుంది?

తెర లాగి చెప్పాను. "మావా, ఆవిడ కాదు. నాను." మొత్తం చెప్పాను.

కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. అప్పుడు అన్నాడు — "కాలు నాది గదే. నాకొక్క మాట సెప్పకూడదా?"

ఎందుకు చేశావని అడిగితే జవాబుంది నా దగ్గర, అమ్మ ఉంది, ఎస్టేట్ ఉంది. అది అడగలేదాయన. గోడ వైపు తిరిగాడు. బిస్కెట్ ఇస్తే పుచ్చుకోలేదు.

మార్చి 30, ఆదివారం

ఉగాది. పచ్చడి చేయలేదు. ఆస్పత్రి కిటికీలోంచి వాన.

ఏప్రిల్ 8, మంగళవారం

ఇంటికి వచ్చి ఐదు రోజులు. "ఊఁ", "వద్దు", "అక్కడెట్టు" — ఈయన నోట ఇవే మాటలు. కేకలేసినా బాగుండు.

ఈరోజు ఒక్కదాన్నే సిన్సే ఆంటీ దగ్గరికి వెళ్లాను. నారింజలు తీసుకెళ్లాను, తీసుకోదేమో అనుకుంటూ. తీసుకుంది. తర్వాత వాయించింది! ముసలి ఒంట్లో అంత గొంతు ఎక్కడిది! కొట్టు ముందు వాళ్లు తొంగి చూశారు. "నా పేరు పోతే పోయింది, నాకు డెబ్బై ఆరు. కాలు పోతే నువ్వు తెచ్చి అతికిస్తావా? ఆపకూడదని నేను చెప్పలేదా?" చెప్పావు ఆంటీ. "వినలేదా?" విన్నాను ఆంటీ. "మరి?"

మా అమ్మ మాట చెప్పాను. ఆవిడ నిట్టూర్చి కూర్చుంది. వాళ్ల అమ్మ కూడా అలాగే అనేదట. అందుకే ముందు మాత్రల పేర్లన్నీ చదవడం ఆవిడ నలభై ఏళ్లకు గానీ నేర్చుకోలేదట.

కషాయం వేర్ల పట్టిక చీనాలో, మలాయిలో, లాటిన్‌లో రాసి ఇచ్చింది. డాక్టరమ్మకు తన నంబరు కూడా. దేవి సాయంత్రం ఆవిడకు ఫోన్ చేసి క్షమించమంది. తెలుగులో కాదనుకోండి, అయినా విన్నాను.

ఏప్రిల్ 19, శనివారం

డ్రెస్సింగ్. గాయం శుభ్రంగా ఉంది. ఈయన కుర్చీలోంచి లేచి వంటింటి దాకా నడిచి ఎండుచేప ఉందా అని అడిగాడు. వేయించాను. పథ్యం గిథ్యం అనలేదు. బాగుందనీ అనలేదు.

మే 8, గురువారం

రక్తపరీక్షలు చూసి డాక్టర్ నూర్ కషాయానికి ఒప్పుకుంది. ఆంటీ పట్టికలో రెండు వేర్లు కొట్టేసింది, ఆంటీ తనే ఇంకొకటి తగ్గించింది. ఫోనులో ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారట, ఒకావిడ గొట్టం గురించి, ఒకావిడ ఒంటి గురించి. మాత్రలు రోజూ, పొద్దున ఎనిమిదికి. కషాయం సగం మోతాదు, సాయంత్రం నాలుగుకు. రెండు వారాలకు మళ్లీ రక్తం తీయాలి. ఒళ్లు ఎక్కడ కమిలినా, చిగుళ్లలో రక్తం కనిపించినా వెంటనే కషాయం ఆపి రావాలి.

పొద్దున మాత్రలు అరచేతిలో పోస్తే ఈయన మింగలేదు. ఒక్కొక్కటి వేలితో జరిపి — "ఇదేటి? ఇదేటికి?" చెప్పాను. అన్నీ చెప్పాను. విన్నాక మింగాడు.

నాలుగుకు కషాయం పోసి ఇచ్చాను. చేతిలో పట్టుకుని వాసన చూశాడు. మళ్లీ నాకే ఇచ్చాడు.

"ముందల నువ్ తాగు."

పరాచికమేమో అని మొహం చూశాను. ఒకప్పుడైతే పెదవి చివర వంకర వచ్చేది. రాలేదు. కోపమూ లేదు. ఊరికే చూస్తూ ఉన్నాడు, నేను ఏం చేస్తానా అని.

ఒక గుక్క తాగాను. విషంలా చేదు. రెండు నెలల కింద వారానికి మూడు రోజులు ఎలా తాగాడో ఈ మనిషి... గిన్నె తిరిగి ఇచ్చాను. పుచ్చుకున్నాడు. వరండాలోకి పట్టుకెళ్లి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

నాలుగున్నర అయింది. ఆవిరి పోయింది. నేను తాగిన గుక్క తప్ప గిన్నె ఇంకా నిండుగానే ఉంది.