చెరిపేసిన గీత

అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇంట్లో అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. నీ మరిదికి దగ్గు తగ్గింది. బావగారి మోకాలికి ఆపరేషన్ అక్కర్లేదన్నారని చదివి మనసు కుదుటపడింది.

మా ఆసుపత్రి కంప్యూటర్లు ఆగిపోయిన సంగతి పేపర్లో చూశానని, నా మీదికేమీ రాలేదు కదా అని అడిగావు. రాలేదు. అదే నన్ను తినేస్తూ వచ్చింది.

దొంగ రాకముందే దొంగలా ఆలోచించడం మా పని. ఏ యంత్రం దేనితో మాట్లాడుతుందో బోర్డు మీద గీతలు గీసి, ప్రతి గీత దగ్గరా 'ఇక్కణ్ణుంచి ఎవరైనా దూరితే?' అని ప్రశ్నించుకుంటాం. వేసవిలో ఆ పని నేనూ, నా కింద పనిచేసే మాస్టారూ చేశాం. బడి ఉద్యోగం మానేసి లేటు వయసులో ఇటు వచ్చిన మనిషాయన. రక్తపరీక్షల యంత్రాలను బయటినుంచే, నెట్ ద్వారా రిపేరు చేసే కంపెనీకి ఆయన ఎర్రగీత గీశారు.

"ముందు ఇది మూయాలమ్మా. వాళ్ల పాస్‌వర్డు పోతే మన ల్యాబు పోయినట్టే."

"వాళ్ల జోలికెవరు పోతారు మాస్టారూ? డైరెక్టరుగారు జాబితాలో పది దారులే చూపించమన్నారు" అని ఆ గీత నేనే చెరిపేశాను.

దుండగులు నెలల తరబడి ఆ కంపెనీలో నక్కి, అక్కణ్ణుంచే వచ్చారు. మూడు రోజులు ల్యాబు మూగబోయింది. రెండోరోజు పొద్దున ఒక బాలింతకు రక్తస్రావం ఆగలేదు. కంప్యూటర్లో ఆమె రక్తం గ్రూపు వివరాలు తెరుచుకోలేదు. మళ్లీ చేత్తో పరీక్ష చేయాల్సి వచ్చింది. "ఇంకా ఎంతసేపమ్మా?" అని ఆమె భర్త నన్నే అడిగాడు. "వచ్చేస్తుందండీ" అన్నాను. రక్తం వచ్చేసరికి ఆమె లేదు.

అక్కా, అసలు సంగతి ఇది. విచారణలో "ఈ దారి ఎవరూ చూడలేదా?" అని అడిగారు. మాస్టారు "చూశామండీ" అని నా వైపు తిరిగారు. "నాకు గుర్తు లేదు" అన్నాను. జాబితా మీద ఆయన సంతకమే ఉంది. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

చెరిపేముందు తీసిన బోర్డు ఫోటో నా ఫోన్‌లోనే ఉంది. నిన్న దాన్ని విచారణాధికారికి ఇచ్చి, జరిగింది రాసి సంతకం పెట్టాను. ఇక నా ఉద్యోగం ఉండదు. అటునుంచి అటే మాస్టారింటికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఒక్కటే అడిగారు.

"ఆ పసిబిడ్డ ఎలా ఉందమ్మా?"

ఇన్నాళ్లూ ఆ మాట నేనెవర్నీ అడగలేదక్కా.

ఇట్లు,
నీ చిన్న చెల్లెలు